బోట్ మెయిల్‌లో కొలంబోకు

ఈ ప్రత్యేక సంచికకు పాత ప్రయాణాల గురించి రాయవలసిందని సంపాదక మిత్రులు కోరారు. కాశీ, బదరీ యాత్రల గురించి మన సభ్యుల్లో చాలామంది నాకంటే బాగా రాయగలరు. అందుచేత ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా ఎవరూ చేయలేని ఒక ప్రయాణం గురించి రాస్తున్నాను. మద్రాసు ఎగ్మూరులో రాత్రి రైలెక్కి, మధ్యలో ఒక్కసారి ఓడ ఎక్కి దిగి, మూడోనాటి పొద్దున్నే కొలంబో ఫోర్ట్ స్టేషన్లో కాలు పెట్టడం. ఆ ప్రయాణం నేను 1974 జనవరిలో చేశాను. అప్పుడు నాకు 24 ఏళ్ళు. రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.ని. ఆ దారి ఎలా పుట్టింది, ఎలా తెగింది అన్నది తరువాత చదివి తెలుసుకున్నాను. మన వయసువాళ్ళకు కొంత జ్ఞాపకంగా, పిల్లలకు కొంత చరిత్రగా పనికివస్తుందని ఆశ.

రేడియోలో విన్న ఊరు

మన తరానికి కొలంబో పేరు ముందు రేడియోలోంచే చెవిన పడింది. 1952లో కేంద్ర మంత్రి కేస్కర్‌గారు ఆకాశవాణిలో సినిమా పాటలకు దాదాపు తలుపు మూసేశారు. పాటలు కావలసినవాళ్ళంతా ముల్లును షార్ట్‌వేవ్ మీదికి, రేడియో సిలోన్ వైపు తిప్పారు. 1957లో వివిధ భారతి వచ్చేదాకా మన దేశానికి సినిమా పాట వినిపించింది ప్రధానంగా ఆ పరాయి దేశపు స్టేషనే. యుద్ధకాలంలో మౌంట్‌బాటన్ సైన్యానికి రేడియో నడపడానికి కొలంబోలో పెట్టిన శక్తివంతమైన ట్రాన్స్‌మిటర్ యుద్ధం అయ్యాక అక్కడి ప్రభుత్వం చేతికి వచ్చింది. సైనికుల కోసం పెట్టిన యంత్రం ఆ తరువాత మన ఇళ్ళకు పాటలు పంపింది.

అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా దేశమంతా వింది. మనవాళ్ళకు అంతకంటే ముద్దు తెలుగు పాటల కార్యక్రమం. మీనాక్షి పొన్నుదురైగారు తెలుగులో పాటల వివరాలు చెబుతుంటే, సముద్రం అవతల మన భాష మాట్లాడే ఇల్లొకటి ఉన్నట్టు అనిపించేది. మా వీధిలో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని విన్న కుర్రాళ్ళలో నేనొకణ్ణి.

హైస్కూల్లో ఉండగా స్టాంపులు కూడబెట్టే సరదా పట్టుకుంది. ఒక పత్రికలో చిరునామా చూసి కొలంబోకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. అతనిది యాళ్ప్పాణం, అంటే జాఫ్నా. తమిళుడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ఇద్దరం కాలక్రమాన ప్రభుత్వ ఆఫీసుల్లో గుమాస్తాలం అయ్యాం. అతని పేరు ఇక్కడ రాయను. మిత్రుడు అనే అంటాను. “ఒకసారి రా, దూరం ఏముంది, 22 మైళ్ళ నీళ్ళేగా” అని ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు.

దారి కథ

ఆ 22 మైళ్ళ మాట వెనక పెద్ద కథే ఉంది. మొదట్లో బోట్ మెయిల్ మద్రాసు నుంచి తూత్తుకుడికి వెళ్ళేది. అక్కడ స్టీమరెక్కితే రాత్రంతా సముద్రం మీద ప్రయాణం. దారి కురచ చేయాలంటే రామేశ్వరం ద్వీపం కొసనున్న ధనుష్కోటి దాకా రైలు పోవాలి. దానికి పాంబన్ కాలువ అడ్డం. 1911లో పని మొదలుపెట్టి, 6,776 అడుగుల పొడవున వంతెన కట్టి 1914 ఫిబ్రవరి 24న ప్రారంభించారు. నడుమ ఒక ఖానా పైకి లేస్తుంది. షెర్జర్ అనే అమెరికన్ ఇంజనీరు కనిపెట్టిన పద్ధతి అది. ఓడ వచ్చినప్పుడు రెండువైపులా మనుషులు చేతులతో తిప్పి ఎత్తేవారు.

అవతల సిలోన్ ప్రభుత్వ రైల్వే మెదవచ్చియ జంక్షన్ నుంచి తలైమన్నార్ రేవు దాకా అదే సంవత్సరం లైను వేసింది. ధనుష్కోటికీ తలైమన్నార్‌కూ నడుమ దూరం 22 మైళ్ళు. కర్జన్, ఎల్గిన్, హార్డింజ్ అనే మూడు స్టీమర్లను సౌత్ ఇండియన్ రైల్వే తెప్పించింది. ఎగ్మూరులో కొన్న ఒక్క టికెట్టు మీద రైలు, ఓడ, మళ్ళీ రైలు. రాముడి వారధి మీదుగానే పట్టాలు వేసి కొలంబో దాకా తిన్నగా రైలు నడపాలన్న ఆలోచన కూడా అప్పుడు లేకపోలేదు. ఖర్చుకు జడిసి ఓడతో సరిపెట్టుకున్నారు.

ఈ దారి మీద పోయినవాళ్ళలో దొరలు, వర్తకులు కొద్దిమంది. వాళ్ళకు ఎన్నో రెట్లు తేయాకు తోటల కూలీలు. వాళ్ళను మండపం క్యాంపులో కొన్నాళ్ళు నిలిపి, వైద్య పరీక్షలు చేసి, అప్పుడు ఓడ ఎక్కించేవారు. సిలోన్ తేయాకు కప్పు వెనక ఆ క్యాంపు ఉంది.

1964 డిసెంబరు 22 అర్ధరాత్రి తుఫాను ధనుష్కోటిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వస్తున్న 653 నంబరు ప్యాసింజరు రైలు ఊరికి కూతవేటు దూరంలో వందమందికి పైగా ప్రయాణికులతో అలల్లో కలిసిపోయింది. పాంబన్ వంతెన మీది 145 గర్డర్లలో 126 సముద్రంలో పడ్డాయి. లేచే ఖానా మాత్రం నిలిచింది. వంతెన బాగుచేయడానికి రైల్వేవారు ఆరు నెలలు గడువు అనుకున్నారు. ఆ పని అప్పగించింది 32 ఏళ్ళ ఇంజనీరు ఇ. శ్రీధరన్‌కు. పడిన గర్డర్లు ఎక్కడున్నాయో జాలరులను అడిగి తెలుసుకుని, వాటినే పైకి లాగించి, తిరిగి అమర్చి 46 రోజుల్లో వంతెన నిలబెట్టారు. ఈ 46 అనే అంకెను పాఠకులు గుర్తుపెట్టుకోవలసిందిగా మనవి.

ధనుష్కోటి మాత్రం మళ్ళీ లేవలేదు. నివాసానికి తగదని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటినుంచి ఓడ రామేశ్వరం నుంచే బయలుదేరేది. నేను వెళ్ళింది ఆ రెండో అంకంలో.

నా ప్రయాణం

1972-73 జై ఆంధ్ర ఉద్యమం, ఎన్జీవోల సమ్మె మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ గొడవలన్నీ సర్దుకున్నాక, పాస్‌పోర్టు చేతికి వచ్చాక, పైఅధికారి అనుమతి పుచ్చుకుని 15 రోజులు సెలవు పెట్టాను. ప్రభుత్వం ఇచ్చే విదేశీ మారకం చిటికెడు. మిత్రుడి అక్కగారి ఇల్లే నాకు హోటలు. ఉత్త చేతులతో వెళ్ళకూడదని మా అమ్మ ఒక జాడీ ఆవకాయ, అక్కగారికి ఒక మంగళగిరి చీర కట్టి ఇచ్చింది.

ఒంగోలు నుంచి మద్రాసు సెంట్రల్ దాకా బ్రాడ్ గేజి. సెంట్రల్లో దిగి ఎగ్మూరుకు వెళితే మీటర్ గేజి. పెట్టెలు ఇరుకు, ఊపు ఎక్కువ. విల్లుపురం, తిరుచ్చి నిద్రలో పోయాయి. తెల్లవారి మానామదురై దాటాక నేల ఎర్రబడి, పొడిబారి, తాటిచెట్లు తప్ప మరేమీ లేకుండా పోయింది. మండపం దాటగానే రైలు నెమ్మదించింది. రెండువైపులా గోడ లేదు, కమ్మీ లేదు. కిటికీలోంచి తల వంచి చూస్తే కింద నేరుగా సముద్రం. పెట్టెలో అందరూ మాటలు ఆపేశారు. నా ఎదుటి ముసలమ్మ ఒక నాణెం నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకుంది. పదేళ్ళ కిందట సముద్రం అడుగు నుంచి పైకి తీసిన గర్డర్ల మీద మేము పోతున్నామని అప్పుడు నాకు తెలియదు.

రామేశ్వరంలో కస్టమ్స్, పాస్‌పోర్టు తనిఖీలు అయ్యాక ఓడ. దాని పేరు ‘రామానుజం’. గాలి తిరిగిన కాలం కాదు గనుక సముద్రం చెరువులా ఉంది. మూడు నాలుగు గంటలు డెక్కు మీదే నిలబడ్డాను. ఇవతల గుడి గోపురం కనుమరుగైన కాసేపటికే అవతలి ఒడ్డు తాటితోపు కనిపించింది. విదేశం అంటే ఇంతేనా అనిపించింది.

తలైమన్నార్ కస్టమ్స్ బల్ల మీద నా ఆవకాయ జాడీ పెద్ద చర్చకే దారితీసింది. అధికారి మూత తీయించి, వాసన చూసి, ఇది తినేదేనా అని అడిగాడు. తిని చూపించమన్నాడు. వేలితో ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. ఆయన కూడా ఒక ముక్క తీసుకున్నాడు. కళ్ళ నీళ్ళు పెట్టుకుని, నవ్వి, చీటీ మీద ముద్ర కొట్టాడు.

రేవు మీదే రాత్రి మెయిలు సిద్ధంగా ఉంది. సిలోన్ ప్రధాన లైన్లు మన పెద్ద లైన్ల మాదిరి 5 అడుగుల 6 అంగుళాల బ్రాడ్ గేజి. మద్రాసు సెంట్రల్లో వదిలిన వెడల్పు మళ్ళీ సముద్రం దాటాకే దొరికింది. ఇంజను మీద ‘ఆల్బర్టా’ అని పేరుంది. కొలంబో పథకం కింద కెనడా ఇచ్చిన డీజిల్ ఇంజన్లవి. కెనడా రాష్ట్రాల పేర్లే పెట్టారు. ఎక్కడి కెనడా, ఎక్కడి తలైమన్నార్ అనుకుని ఎక్కి పడుకున్నాను.

కొలంబో

పొద్దున్నే మరదానా స్టేషను, ఆ వెంటనే ఫోర్ట్. మిత్రుణ్ణి ఫోటోలో తప్ప చూడలేదు. అయినా అంత జనంలో ఇద్దరం ఒకేసారి చెయ్యెత్తాం. స్టేషను ముందు గడ్డం దొర విగ్రహం. ఎవరా అంటే, మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి తొలి అధ్యక్షుడైన ఆల్కాట్. 1880లో ఈ ద్వీపానికి వచ్చి బౌద్ధ పాఠశాలలు స్థాపించాడని అక్కడివారికి గౌరవం.

ఎదురుగా పెట్టా బజారు. మన ‘పేట’ మాటే అది, ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి అలా అయింది. ఎర్ర, తెలుపు గీతల మసీదు, సీ స్ట్రీట్‌లో నగల దుకాణాలు, కదిరేశన్ కోవెలలు ఒకదానికొకటి పిలుపు దూరంలో ఉన్నాయి. ఎర్ర రంగు బస్సులు చూసి మన ఊరి బస్సులే అనుకున్నాను. విచారిస్తే అక్కడ బస్సులను ప్రభుత్వం తీసుకున్నది 1958 జనవరి 1న. మన ఆర్.టి.సి. ఏర్పడింది అదే నెల 11న. జిల్లా ఆఫీసును వాళ్ళు ‘కచ్చేరి’ అంటారు. మన కచేరీయే. సింహళం బోర్డులు చదవలేను గాని ఆ గుండ్రటి అక్షరాలు చూస్తే ఎక్కడో చుట్టరికం ఉన్నట్టే తోచింది.

అక్కగారి ఇల్లు వెల్లవత్తలో. ఫోర్ట్ నుంచి లోకల్ రైలెక్కితే ఎడమన ఊరు, కుడిన సముద్రం. పట్టాలకూ అలలకూ మధ్య వరుసగా బండరాళ్ళు మాత్రమే అడ్డం. పెద్ద కెరటం వస్తే తుంపర కిటికీలోకి వస్తుంది. ఆ రైల్లో పెద్ద ఉద్యోగులు, గుమాస్తాలు, చేపల బుట్టల ఆడవాళ్ళు అందరూ ఉండేవారు. సాయంకాలం గాల్ ఫేస్ మైదానానికి నడక. 1859లో గవర్నర్ హెన్రీ వార్డ్ ఆ మైదానం ఏర్పరచి, ఊళ్ళోని స్త్రీల కోసం, పిల్లల కోసం దీనిని కాపాడమని తన తరువాత వచ్చేవారికి రాతిమీద రాసి పెట్టాడు. రాయి ఉంది, మైదానమూ ఉంది, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తూ ఉన్నారు. ఒక గవర్నరు చెప్పిన మాట నూరేళ్ళ పైబడి నిలబడడం నాకు వింతగా తోచింది.

కరువు రోజులవి. దిగుమతులు ఆపేశారు. బియ్యం రేషను. రొట్టె కోసం తెల్లవారుజామునే వరస కట్టాలి. అయినా అక్కగారు ఒక్క పూట లోటు చేయలేదు. ఇడియాప్పం, కొబ్బరి సంబల్, ఆ పక్కన మా ఆవకాయ. ఆవిణ్ణి నేను ‘అక్కా’ అనేవాణ్ణి. తమిళానికీ తెలుగుకూ ఒకటే మాట గనుక నా నోటికి అది పరాయి భాష కాలేదు. పక్కింట్లో రిటైరైన సింహళ రైల్వే గార్డుగారు, ఆయన భార్య. ఆ దంపతులకు పిల్లలు లేరు. అక్క పిల్లలు సగం రోజు ఆ ఇంట్లోనే తినేవారు.

రేడియో స్టేషను చూడందే రానని పట్టుబడితే టారింగ్టన్ స్క్వేర్‌కు తీసుకువెళ్ళాడు మిత్రుడు. ప్రహరీ బయట నిలబడి చూశాం. చెట్ల నీడన మామూలు భవనం. మా అరుగు దాకా పాట వచ్చింది ఇక్కడినుంచేనా అని కాసేపు చూసి వచ్చేశాను.

ఇద్దరు గుమాస్తాల మాటలు

రాత్రిళ్ళు మేడ మీద చాప వేసుకుని మాట్లాడుకున్నవి ఎక్కువగా ఆఫీసు సంగతులే. 1966 నుంచి 1971 దాకా అక్కడ ఆదివారం సెలవు తీసేసి, చంద్రుడి తిథిని బట్టి ‘పోయ’ రోజున వారపు సెలవు ఇచ్చారట. ప్రతివారం సెలవు వేరే వేరే రోజు వస్తే క్యాలెండరు చూడకుండా ఏ పనీ సాగేది కాదని చెప్పి నవ్వించాడు.

నవ్వలేని సంగతి ఇంకొకటి. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం వచ్చింది. తమిళ ఉద్యోగులు సింహళ పరీక్ష ప్యాసవ్వాలి. లేకుంటే ఇంక్రిమెంటు ఆగుతుంది. కోడీశ్వరన్ అనే గుమాస్తా తన ఇంక్రిమెంటు ఆపినందుకు ప్రభుత్వం మీద దావా వేశాడు. 1964లో జిల్లా కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 1967లో సుప్రీంకోర్టు, ప్రభుత్వోద్యోగికి జీతం కోసం దావా వేసే హక్కే లేదంది. 1969 డిసెంబరులో లండన్ ప్రీవీ కౌన్సిల్, ఆ హక్కు ఉందని చెప్పి, భాషా చట్టం చెల్లుతుందా లేదా అన్న అసలు ప్రశ్నను వెనక్కు పంపింది. ఆ ప్రశ్న ప్రశ్నగానే మిగిలిపోయింది. ఒక గుమాస్తా ఇంక్రిమెంటు ఒక దేశపు రాజ్యాంగాన్ని నిలదీసిందన్నమాట.

నేను మా ముల్కీ నిబంధనల గొడవ, 1972 అక్టోబరు సుప్రీంకోర్టు తీర్పు, ఆ తరువాతి ఉద్యమం చెప్పాను. ఎవరి ఉద్యోగం ఎవరిది, ఎవరి ఊరు ఎవరిది అన్న తగవు రెండు చోట్లా ఒకటే. ఎవరిది న్యాయం అని మేము తేల్చలేదు. “మీది సర్దుకుంటుంది, మాది సర్దుకోదు” అన్నాడతను. అలా అనవద్దన్నాను.

తిరుగు దారి

వచ్చేటప్పుడు మిత్రుడు అనురాధపురం దాకా తోడు వచ్చాడు. మహాబోధి వృక్షం చూసి తిరిగి స్టేషనుకు నడుస్తుంటే దారిపక్కన పాములవాళ్ళు బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. ఒక ఆడమనిషి చెయ్యి చూస్తానని సింహళంలో పిలిచి, పక్కనున్న పిల్లవాణ్ణి కసురుకుంది. కసిరింది తెలుగులో! మాట తీరు మన మాట కాదు, కాని పదాలు మనవే. వాళ్ళను అక్కడ అహికుంటకులంటారు. తరతరాలుగా ద్వీపంలో తిరుగుతూ ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవారు. ‘మాది తెలుగుదేశమమ్మా’ అంటే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చెయ్యి చూడడానికి డబ్బు పుచ్చుకోలేదు.

మన భాషకు ఆ ద్వీపంలో అంతకంటే పెద్ద గుర్తు ఇంకొకటి ఉంది. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలిన నాయక్కర్ రాజులు మదురై వైపునుంచి వెళ్ళిన తెలుగు మూలాలవారు. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువారు బంధించి వేలూరు కోటకు పంపారు. 1832లో అక్కడే పోయాడు. రాజులు పోయారు, పాములవాళ్ళు మిగిలారు.

తలైమన్నార్‌లో ఓడ ఎక్కేటప్పుడు రేవు నిండా మనుషులు. రేకు పెట్టెలు, మూటలు, చంకన పిల్లలు. 1964 అక్టోబరు 30న శాస్త్రిగారికీ సిరిమావో బండారనాయకగారికీ జరిగిన ఒప్పందం ప్రకారం ఇండియాకు ‘తిరిగి’ వస్తున్న తోట కూలీలు. 5 లక్షల 25 వేలమందిని ఇండియా, 3 లక్షలమందిని సిలోన్ తీసుకోవాలని లెక్క. ఆ లెక్కలో మిగిలిన లక్షా 50 వేలమందిని చెరిసగం పంచుకుంటూ నేను అక్కడున్న ఆ 1974 జనవరిలోనే మరో ఒప్పందం కుదిరింది. తిరిగి రావడం అని కాగితం మీద రాసి ఉంది గాని, వాళ్ళలో చాలామంది పుట్టింది అక్కడే. ఓడ కదలగానే ఒక్కరూ ముందుకు చూడలేదు. అందరూ వెనక్కే చూస్తున్నారు. గోపురం కనిపించగానే నేను సంతోషంగా “అదిగో రామేశ్వరం” అంటే, పక్కనున్న పెద్దాయన “అక్కడ మాకెవరున్నారు?” అని అడిగాడు. రెవెన్యూ శాఖలో 34 ఏళ్ళు పనిచేశాను. స్థిరనివాసం, జన్మస్థలం అన్న కాలమ్‌లు నింపినప్పుడల్లా ఆ మాట చెవిలో వినిపించేది.

తెగిన దారి

ఆ తరువాత ఉత్తరాలు సాగాయి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనప్పుడు నేను సహాయ పనుల మీద ఉన్నాను. క్షేమమా అని ముందుగా వచ్చిన విదేశీ ఉత్తరం అతనిదే. మరుసటి ఏడు అదే నవంబరులో బట్టికలోవాను తుఫాను కొడితే నేను రాశాను.

1983 జూలై చివర కొలంబోలో తమిళుల ఇళ్ళ మీద, దుకాణాల మీద మూకలు పడ్డాయి. వెల్లవత్త తగలబడిందని మన పత్రికల్లో చదివాను. మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. మూడు నెలలకు జాఫ్నా ముద్రతో ఒక కవరు వచ్చింది. పక్కింటి గార్డుగారు అక్క కుటుంబాన్ని తన వంటింట్లో దాచి, వీధి గుమ్మంలో తాను కుర్చీ వేసుకుని కూర్చున్నారట. మూక వస్తే ఇది సింహళుల ఇల్లని చెప్పి తిప్పి పంపారట. అక్కవాళ్ళ ఇల్లు మాత్రం మిగలలేదు. తరువాత శిబిరం, అక్కణ్ణుంచి సరుకుల ఓడలో జాఫ్నా. ప్రతి సెలవుకూ యాళ్ దేవి రైలెక్కి దర్జాగా ఇంటికి వెళ్ళే ఉద్యోగి, సొంత దేశంలో ఒక ఊరినుంచి ఇంకో ఊరికి శరణార్థిగా ఓడలో వెళ్ళాడు.

1984లో రామేశ్వరం-తలైమన్నార్ ఓడ ఆగిపోయింది. 1990లో తలైమన్నార్ లైను, జాఫ్నా లైను మూతపడ్డాయి. యుద్ధం 2009 మేలో ముగిసింది. మిత్రుడు అంతకు చాలాముందే కెనడా చేరి టొరంటోలో స్థిరపడ్డాడు. ఇంజను మీద చూసి నేను ఆశ్చర్యపోయిన దేశమే అతనికి ఇల్లయింది.

మళ్ళీ ఒకసారి

2018లో మా అబ్బాయి నన్ను విమానంలో కొలంబో తీసుకువెళ్ళాడు. చెన్నైలో ఎక్కి కాఫీ తాగేలోగా దిగమన్నారు. గాల్ ఫేస్ ఉంది, సముద్రం ఒడ్డు రైలు ఉంది, పెట్టాలో మసీదు, కోవెలలు ఉన్నాయి. వెల్లవత్తలో ఆ ఇల్లున్న చోట ఎత్తయిన ఫ్లాట్లు లేచాయి. గార్డుగారి ఇంటి జాడ కూడా తెలియలేదు.

మా అబ్బాయి వద్దంటున్నా రైల్లో తలైమన్నార్ వెళ్ళాను. ఆ లైనును మన ఇర్కాన్ సంస్థ తిరిగి వేసింది. 2015 మార్చి 14న మన ప్రధానమంత్రి అక్కడ జెండా ఊపారు. కొత్త పట్టాలు, శుభ్రమైన స్టేషను, మూడు లిపుల్లో బోర్డు. రైలు వస్తుంది, ఆగుతుంది, తిరిగి వెళ్ళిపోతుంది. ఎదురుగా పాత రేవు కొయ్యలు, ఇనుము తుప్పు పట్టి నీళ్ళలో నిలబడి ఉన్నాయి. బోర్డు ఫోటో తీసి మిత్రుడికి వాట్సాప్‌లో పంపాను. అక్కడ అర్ధరాత్రి. అయినా వెంటనే జవాబు వచ్చింది: “ఓడ ఎన్ని గంటలకు?”

ఇవతలి వైపు కూడా కొత్తదనం వచ్చింది. 2007లో రామేశ్వరం లైను బ్రాడ్ గేజి అయింది. 108 ఏళ్ళు పనిచేసిన పాంబన్ వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు ఆగాయి. నిలువునా పైకి లేచే కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న శ్రీరామనవమి నాడు ప్రారంభమైంది. అంటే చరిత్రలో మొదటిసారి రెండు ఒడ్డులకూ ఒకే వెడల్పు పట్టాలు వచ్చాయి. ఎగ్మూరు నుంచి వెళ్ళే రైలును జనం ఇప్పటికీ బోట్ మెయిల్ అనే అంటారు. బోటు మాత్రం లేదు. 2023 అక్టోబరులో నాగపట్టణం నుంచి జాఫ్నా దగ్గరి కంకేశన్‌తురైకి ఓడ మొదలైంది, మధ్యలో ఆగి 2024లో తిరిగి సాగింది. రామేశ్వరం-తలైమన్నార్ ఓడ సంగతి రెండు ప్రభుత్వాలూ 2024 డిసెంబరు సంయుక్త ప్రకటనలో ప్రస్తావించాయి.

పాఠకులను 46 అనే అంకె గుర్తుంచుకోమన్నాను. సముద్రం పడగొట్టిన వంతెనను మన ఉద్యోగులు, కూలీలు, జాలరులు కలిసి 46 రోజుల్లో నిలబెట్టారు. మనుషులు తెంచిన తలైమన్నార్ పట్టాలు అతకడానికి 25 ఏళ్ళు పట్టింది. ఆ ఓడ తెగి నలభై ఏళ్ళు దాటింది. సముద్రం 1914లో ఎంత వెడల్పో ఇప్పుడూ అంతే. ఊళ్ళు దగ్గరా దూరమా అన్నది మైళ్ళు తేల్చవు. రోజూ వేళకు బండి నడిపేవాడు, టికెట్టు ఇచ్చేవాడు, ముద్ర వేసి పోనిచ్చేవాడు ఉంటే దగ్గర, లేకుంటే దూరం. ఇలాంటి చిన్న పనులే మనమంతా జీవితమంతా చేశాం. వాటి విలువ అవి ఆగినప్పుడు తెలుస్తుంది. ఇంకో మాట కూడా. మూక వచ్చిన రాత్రి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆ గార్డుగారు రిటైరైన ఉద్యోగే.

ఆ ఓడ మళ్ళీ కదిలితే ఎక్కే ఓపిక నాకు ఉంటుందో లేదో. మిత్రుడికీ 78 దాటాయి. మన పిల్లలు, మనుమలు మాత్రం ఒకసారి ఆ దారిన వెళ్ళాలని నా కోరిక. వెళ్ళేటప్పుడు ఒక జాడీ ఆవకాయ తీసుకువెళ్ళమనండి. కస్టమ్స్‌వారు అడిగితే తిని చూపించవచ్చు.